కోడిపిల్ల ఈకలు పొంగించుకుని మూలన నిలబడితే

దాణా వేయగానే 11 పిల్లల్లో 10 పరుగెత్తుకొచ్చాయి. ఒక్కటి మాత్రం గోడ వారగా నిలబడిపోయింది. మెడ లోపలికి లాక్కుని, ఈకలు పొంగించుకుని, రెక్కలు కిందికి జార్చేసి తూగుతోంది. వయసు 22 రోజులు. నేను కోళ్లు పెంచడం మొదలుపెట్టిన తొలి ఏడాది అది. తినడం లేదు కాబట్టి తినిపించాలి, అంతవరకే నాకు తోచింది. దాణాను నీళ్లలో పలచగా కలిపి, సూది తీసేసిన సిరంజిలోకి ఎక్కించి, ముక్కు తెరిచి గొంతులో పోశాను. రెండోసారి పోసేసరికి పిల్ల తల విదిలించి ఉక్కిరిబిక్కిరైంది, ముక్కు రంధ్రాల్లోంచి బుడగలొచ్చాయి. కాసేపటికి నా అరచేతిలోనే తల వాల్చేసింది.

దాన్ని చంపింది జబ్బు కాదు, నేను పోసిన దాణా నీళ్లు. అవి ఊపిరిగొట్టంలోకి పోయాయి. కోడిపిల్ల నాలుక మొదట్లోనే ఊపిరిగొట్టం నోరు ఉంటుంది. ముక్కు తెరిచి చూస్తే చిన్న చీలికలా మూసుకుంటూ తెరుచుకుంటూ కనబడుతుంది. మనం కంగారులో పైనుంచి ఏం పోసినా అందులోకి జారిపోవడానికి క్షణం చాలు. ఆ సంగతి ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే ఆ పిల్లకు ఇంకో అవకాశం దొరికేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత చాలా పిల్లల్ని పెంచాను, కొన్నిటిని పోగొట్టుకున్నాను, చాలావాటిని నిలబెట్టుకున్నాను. నాకు స్థిరపడిన వరుస ఇది: చూడాలి, వేరు చేయాలి, వెచ్చబెట్టాలి, నీళ్లు పట్టాలి, ఒళ్లంతా పరీక్షించాలి, ఆ తర్వాతే మందు సంగతి ఆలోచించాలి. మేత గురించి తొందర అసలే వద్దు.

ముందు ముట్టుకోకుండా చూడండి

పిల్లల దగ్గర పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. మనిషి దగ్గరికి రాగానే జబ్బు పిల్ల కూడా ఓపిక తెచ్చుకుని గుంపులో కలిసిపోతుంది. బలహీనంగా కనబడితే గద్దకో, తోటి పిల్లలకో దొరికిపోతానన్న భయం దాని నెత్తుట్లోనే ఉంది. మీరు అక్కడున్నారన్న సంగతి అవి మరిచిపోయాక అసలు రూపం బయటపడుతుంది.

మొదటి వారంలో పిల్లలు తింటూ తింటూనే కూలబడి నిద్రపోతాయి. మెడ చాపి, ఒక కాలు వెనక్కి వదిలేసి, నేలకు అతుక్కుపోయినట్టు పడుకుంటాయి. ప్రాణం పోయిందేమోనని గుండె జల్లుమంటుంది. వేలితో అలా తాకితే చటుక్కున లేచి పరుగెత్తుతాయి. అది మంచి నిద్ర. జబ్బు పిల్ల అలా ఒళ్లు మరిచి పడుకోదు. నిలబడే తూగుతుంది, లేపితే రెండడుగులు వేసి మళ్లీ కళ్లు మూస్తుంది.

అరుపు కూడా వినాలి. గట్టిగా, ఆపకుండా కీచుమంటుంటే చలో, ఆకలో, గుంపు నుంచి తప్పిపోవడమో అయి ఉంటుంది. సన్నగా, మూలుగులా, ఊపిరి ఊపిరికీ ఒకసారి అంటుంటే ఎక్కడో బాధ ఉంది. అన్నీ కలిసి ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే వాటికి చలేస్తోంది. అన్నీ బల్బుకు దూరంగా రెక్కలు విప్పి ముక్కులు తెరిచి ఎగపోస్తుంటే వేడి ఎక్కువైంది. ఈ రెండు సందర్భాల్లో వైద్యం పిల్లకు కాదు, బల్బుకు.

ఇక రెట్ట. గోధుమ రంగులోనో కాస్త ఆకుపచ్చగానో గట్టిగా ఉండి, మీద తెల్లటి టోపీ ఉన్న రెట్ట మామూలుది. ఆ తెలుపు దాని మూత్రం. ఎనిమిది, పది రెట్టలకు ఒకసారి జిగురుగా, ముదురు గోధుమ రంగులో, ఘాటైన వాసనతో ఒకటి వేస్తుంది. కొత్తగా పెంచేవాళ్లు దాన్ని చూసి పారుడు అనుకుని మందులు మొదలుపెడతారు. అది పేగు చివరన ఉండే రెండు గుడ్డి సంచుల నుంచి వచ్చే రెట్ట, దానితో ఇబ్బందేమీ లేదు. నీళ్లలా పారడం, నురగ, సున్నపు నీళ్లలాంటి తెలుపు, ముదురు ఆకుపచ్చ, ఎర్రటి చారలు కనబడితే మాత్రం ఆగకూడదు.

వేరు చేయడం, వెచ్చబెట్టడం

అనుమానం వచ్చిన పిల్లను వెంటనే వేరే పెట్టెలోకి మార్చండి. రోగం మిగతావాటికి అంటకుండా ఉండటానికే కాదు, తోటి పిల్లలు దాన్ని పొడవకుండా ఉండటానికి కూడా. ఏ చిన్న ఎర్ర మచ్చ కనబడినా అవి పొడుస్తాయి, నెత్తురు కనబడితే ఇక వదలవు. రెండు జానల పొడవున్న అట్టపెట్టె చాలు. అడుగున పాత తువాలు పరచండి. నున్నటి కాగితం వేస్తే కాళ్లు జారి పక్కలకు చీలిపోతాయి. తువాలు మీద ఒక తెల్ల కాగితపు రుమాలు వేస్తే రెట్ట ఎలా ఉందో తేటగా తెలుస్తుంది.

పెట్టెకు ఒక మూలే వేడి ఉండాలి. రెండో మూల చల్లగా వదిలేస్తే ఎక్కడ ఉండాలో పిల్లే తేల్చుకుంటుంది. మొదటి వారం పిల్లలకు సుమారు 35 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఆ తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ వస్తే, ఈకలు పూర్తిగా వచ్చే ఆరో వారానికి మామూలు వేడి సరిపోతుంది. జబ్బు పిల్లకు నేను దాని వయసుకు చెప్పిన దానికంటే 2, 3 డిగ్రీలు ఎక్కువే ఉంచుతాను. థర్మామీటరును పిల్ల వీపు ఎత్తులో పెట్టి చూడండి. గోడకు తగిలించి చూస్తే లెక్క తప్పుతుంది.

ఎందుకింత పట్టుదల అంటే, చిన్న పిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. చల్లబడిన పిల్లలో అరుగుదల ఆగిపోతుంది. అప్పుడు దాణా పెడితే మెడ మొదట్లో ఉండే మేత సంచిలోనే నిలిచి పులిసిపోతుంది. నా దగ్గరికొచ్చిన నీరసపు పిల్లల్లో సగానికి సగం గంట వెచ్చదనంతోనే కళ్లు తెరిచాయి. పాదాలు పట్టుకుని చూడండి. చల్లగా ఉంటే పెట్టె సిద్ధమయ్యేలోపు రెండు అరచేతుల మధ్య పెట్టుకోండి, లేదా చొక్కా లోపల గుండెకు ఆనించుకోండి. కరెంటు లేకపోతే సీసాలో వేడి నీళ్లు పోసి, గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. చల్లారిన సీసా తిరిగి పిల్ల వేడినే లాగేస్తుంది కాబట్టి గంటగంటకూ మార్చాలి.

బల్బును గొలుసుతోనో గట్టి తీగతోనో వేలాడదీయండి, ఒట్టి క్లిప్పును నమ్మొద్దు. అది జారి, పిల్లల కింద నేల మీద పరిచే పొట్టు మీద పడితే అగ్గి రాజుకుంటుంది. పగలకుండా పైన టెఫ్లాన్ పూత వేసిన బల్బులు కొన్ని దొరుకుతాయి. వాటిని కోళ్ల దగ్గర వాడకూడదు, వేడెక్కినప్పుడు వచ్చే పొగ పక్షుల ఊపిరితిత్తులకు ప్రాణాంతకం.

ఒంటరిగా పెట్టిన పిల్ల బెంగతో అరిచి అరిచి ఉన్న ఓపిక కూడా పోగొట్టుకుంటుంది. పెట్టెను గుంపుకు కొంచెం దూరంలో, వాటి గొంతులు వినబడేలా ఉంచుతాను. అంటురోగం కాదని తేలితే, సాధు స్వభావమున్న పిల్లను ఒకదాన్ని తోడు వేస్తాను. అది తింటుంటే చూసి ఇది కూడా ముక్కు వంచుతుంది.

నీళ్లు ఎలా పట్టాలి

వెచ్చబడ్డాకే నీళ్లు. పొదిగి బయటికొచ్చిన పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొన ఆధారంతో రెండు మూడు రోజులు దాణా లేకుండా ఉండగలదు. ఆ గడువు దాటిన పిల్ల దాహానికి తొందరగా వాడిపోతుంది. కాళ్ల మీది పొలుసులు ముడతలు పడి, ఎండిన పుల్లల్లా కనబడితే ఒంట్లో నీళ్లు తగ్గినట్టే.

పిల్లను ఎడమ అరచేతిలో కూర్చోబెట్టి, బొటనవేలు, చూపుడువేలు మధ్య తల కదలకుండా మెత్తగా పట్టుకోండి. డ్రాపరుతో గోరువెచ్చని నీటి చుక్క ఒకటి ముక్కు పక్క అంచున, పై దవడ కింది దవడ కలిసే గీత మీద వదలండి. ముక్కు తెరవక్కర్లేదు. ఆ చుక్క గీత వెంబడి లోపలికి పాకుతుంది. పిల్ల దాన్ని రుచి చూసి, ముక్కు ఆడించి, తల పైకెత్తి మింగుతుంది. మింగడం కళ్లారా చూశాకే రెండో చుక్క. మొదటి రెండు గంటలూ పావుగంటకోసారి నాలుగైదు చుక్కలు, తర్వాత గంటకోసారి. తల ఎత్తి మింగే శక్తి కూడా లేకపోతే నీళ్లు పట్టొద్దు, ఇంకాసేపు వెచ్చబెట్టండి.

మనుషులకు వాడే ఓఆర్ఎస్ పొడిని ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి పట్టొచ్చు. అది లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలకొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. ఉప్పు కొలత తప్పనివ్వొద్దు, ఎక్కువైతే ప్రాణం మీదికొస్తుంది. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలుపుకోవాలి. ఒకటి రెండు రోజులు ఇవి చాలు, ఆ తర్వాత మామూలు నీళ్లే.

నీళ్లు తాగి, కళ్లు నిలిపి, అటూ ఇటూ చూడటం మొదలుపెట్టాక మేత. పిల్లల స్టార్టర్ దాణాను గోరువెచ్చని నీళ్లతో ముద్దలా తడిపి, చిన్న మూతలో పెట్టి ముందుంచండి. గోటితో మూత అంచున టక్‌టక్‌మని కొట్టండి. తల్లికోడి ముక్కుతో నేల మీద కొట్టి పిలిచినట్టే అనిపించి పిల్ల వంగి చూస్తుంది. ఉడికించిన గుడ్డు పచ్చసొన చిటికెడు నలిపి మీద చల్లితే ఆశగా తింటుంది. తడి దాణా రెండు గంటలకు మించి ఉంచొద్దు, పులుస్తుంది. సిరంజితో గొంతులోకి తినిపించే పని నేను మానేశాను. దానికి గొట్టం వేసే పద్ధతి ఉంది, అది నేర్పించుకుని చేయాల్సిన పని.

ఒళ్లంతా చూడటం

పిల్ల కాస్త తేరుకున్నాక వెలుతురులో పట్టుకుని ఒళ్లంతా ఒక వరుసలో చూడండి. వరుస పెట్టుకోకపోతే ఏదో ఒకటి మరిచిపోతాం.

తోక కింద మొదలుపెడతాను నేను, చిన్న పిల్లల్లో ఎక్కువగా దొరికే తంటా అక్కడే ఉంటుంది కాబట్టి. రెట్ట ఎండి మలద్వారానికి మూతలా అంటుకుపోతే పిల్ల రెట్ట వేయలేక రెండు రోజుల్లో చనిపోతుంది. పుట్టిన మొదటి వారం పది రోజుల్లో, చలికో, ఎక్కువ వేడికో, ప్రయాణం అలసటకో ఇది వస్తుంది. దాన్ని పీకొద్దు, కింది చర్మం ఊడొస్తుంది. గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదిని ఒక నిమిషం అదిమి పట్టండి, నానాక మెల్లగా తుడవండి, మళ్లీ అదమండి. ఐదు, పది నిమిషాలు పట్టినా ఓపిగ్గా చేయాలి. తర్వాత పూర్తిగా ఆరబెట్టి, కొంచెం వాజిలిన్ రాయండి. తడి పిల్లను అలాగే వదిలేస్తే శుభ్రం చేసిన ఫలితం చలి తినేస్తుంది. ఒక జాగ్రత్త: మలద్వారానికి ముందు, పొట్ట మీద ఎండిన పొక్కులాంటిది కనబడితే అది బొడ్డు. దాన్ని కదిలించకూడదు.

అదే బొడ్డు దగ్గర ఎర్రగా, తడిగా, వాసన వస్తూ, పొట్ట ముద్దలా ఉబ్బి ఉంటే బొడ్డుకు చీము పట్టినట్టు. గుడ్లు మురికివైనా, పొదిగే చోటు శుభ్రంగా లేకపోయినా వస్తుంది. ఇలాంటివి మొదటి వారంలోనే ఎక్కువగా పోతాయి, మందులతో బతికేవి తక్కువ. ఇందులో మీరు చేయగలిగేది తర్వాతి విడతకు శుభ్రమైన గుడ్లు ఎంచుకోవడమే.

మెడ మొదట్లో, రొమ్ముకు కొంచెం కుడి పక్కన మేత సంచిని వేలితో తడమండి. రాత్రి తిని పడుకున్న పిల్లకు పొద్దున్నే అది ఖాళీగా ఉండాలి. పొద్దున కూడా పిండి ముద్దలా, రాయిలా ఉంటే లోపల అడ్డుపడినట్టు. కళ్లు నురగ కట్టాయా, ముక్కు కారుతోందా చూడండి. పిల్లను చెవి దగ్గర పెట్టుకుంటే ఊపిరిలో చిటపట, గురక వినబడతాయి. రెక్కల కింద, మలద్వారం చుట్టూ ఈకలు విడదీసి పేలు, గోమార్లు ఉన్నాయేమో చూడండి. చిన్న ప్రాణం కదా, గోమార్లు పడితే రక్తమంతా పీల్చేస్తాయి, ముక్కు, నాలుక పాలిపోతాయి.

చివరగా తూకం. గ్రాములు చూపించే వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి, అందులో పిల్లను కూర్చోబెట్టి, రోజూ ఒకే వేళకు తూచి రాసుకోండి. అప్పుడే పుట్టిన పిల్ల జాతిని బట్టి సుమారు 30 నుంచి 45 గ్రాములు ఉంటుంది. కంటికి బాగానే కనబడుతూ రోజుకు రెండు గ్రాములు తగ్గుతున్న పిల్ల నయం కావడం లేదు. తింటోందో లేదో అని మనం మధనపడనక్కర్లేదు, త్రాసు చెబుతుంది.

రక్తపారుడు

నేను చంపుకున్న ఆ పిల్ల పోయిన మర్నాడు పొద్దున ఇంకో మూడు అలాగే ముడుచుకున్నాయి. పొట్టులో ఎర్రటి రెట్టలు. చనిపోయిన పిల్లను పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే కోసి చూపించారు. పేగు చివరన రెండు గుడ్డి సంచులుంటాయని చెప్పాను కదా, మామూలుగా సన్నగా ఉండేవి ఆ పిల్లలో వేలి లావున ఉబ్బి, నల్లటి ఎరుపులో ఉన్నాయి. కత్తి తాకగానే గడ్డకట్టిన నెత్తురు బయటికొచ్చింది. రక్తపారుడు, అంటే కాక్సిడియోసిస్. 11 పిల్లల్లో నాకు మిగిలినవి 7.

పెరటి పిల్లలకు మూడో వారం నుంచి ఆరో వారం దాకా నేను అన్నిటికంటే భయపడేది దీనికే. ఐమీరియా అనే కంటికి కనబడని ఏకకణ జీవి పేగు గోడలో పెరుగుతుంది. దాని గుడ్లలాంటివి రెట్టలో బయటపడతాయి. తడి, వెచ్చదనం ఉన్న పొట్టులో ఒకటి రెండు రోజుల్లోనే అవి రోగం అంటించే స్థితికి వస్తాయి. పిల్ల ఆ పొట్టును ఏరుకుతింటే వారం లోపే మళ్లీ రెట్టలో లక్షలుగా బయటికి. అంటే తడిసిన పొట్టే ఈ జబ్బుకు ఇల్లు. నేను చేసిన తప్పు కూడా అదే. నీళ్ల తొట్టి నేల మీద పెట్టేదాన్ని, పిల్లలు కాళ్లతో గీకి చుట్టూ తడిపేవి, వారానికోసారి మాత్రమే పొట్టు మార్చేదాన్ని.

ఎర్రటి రెట్ట కనబడేదాకా ఎదురుచూడకండి. అన్ని రకాల ఐమీరియాలకూ నెత్తురు కనబడదు, కొన్నిటికి ఒట్టి పారుడు, పాలిపోవడం, ఎదుగుదల ఆగడం అంతే. మూడు వారాలు దాటిన పిల్ల ముడుచుకుంటే నేను ముందు దీన్నే అనుమానిస్తాను. తాజా రెట్టను డబ్బాలో తీసుకెళ్తే డాక్టరు సూక్ష్మదర్శినిలో చూసి చెబుతారు.

దీనికి ఎక్కువగా వాడే మందు ఆంప్రోలియం. తాగే నీళ్లలో 0.024 శాతం, అంటే లీటరుకు 240 మిల్లీగ్రాముల మందు, 3 నుంచి 5 రోజులు. 20 శాతం పొడి అయితే లీటరుకు 1.2 గ్రాములు పడుతుంది. తర్వాత ఒకటి రెండు వారాలు నాలుగో వంతు మోతాదు. మీ చేతిలో ఉన్న డబ్బా ఎంత శాతమో చదివి, డాక్టరును అడిగి లెక్క వేసుకోండి. ఒక్క పిల్లకు కాదు, గుంపులో అన్నిటికీ ఇవ్వాలి, ఎందుకంటే అన్నీ అదే పొట్టు తిన్నాయి. మందు నీళ్లు తప్ప వేరే నీళ్లు అందకూడదు. రోజూ కొత్తగా కలపాలి. తాగలేని పిల్లకు అవే నీళ్లు డ్రాపరుతో పట్టాలి.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పిల్ల నీరసంగా ఉందని అదే నీళ్లలో బి-కాంప్లెక్స్ కూడా కలుపుతారు. ఆంప్రోలియం పనిచేసేదే ఆ జీవికి బి1 విటమిన్ అందకుండా చేసి. మనమే విటమిన్ పోస్తే మందు బలం తగ్గుతుంది. విటమిన్లు మందు కోర్సు అయ్యాక ఇవ్వండి.

మామూలు ఫినాయిల్, బ్లీచింగ్ నీళ్లు దీని గుడ్లను ఏమీ చేయవు. ఎండ, ఆరుదల, సలసల కాగే నీళ్లు చేస్తాయి. పొట్టంతా తీసేసి, నేల గీకి, కాగే నీళ్లతో కడిగి, ఎండబెట్టి, కొత్త పొట్టు పరిచాను. నీళ్ల తొట్టిని ఇటుక మీద పెట్టి పిల్లల వీపు ఎత్తుకు లేపాను. ఇప్పటికీ పిల్లలు పెరిగేకొద్దీ ఇటుకలు పెంచుతూ ఉంటాను. చుట్టూ తడిసిన పొట్టును రోజూ పిడికిలితో పిండి చూస్తాను, ముద్ద కట్టిందంటే తీసేస్తాను.

మిగతా జబ్బుల ఆనవాళ్లు

కాళ్లు రెండు పక్కలకు చీలిన పిల్లకు మొదటి రోజుల్లోనే రెండు కాళ్లనూ మెత్తటి బ్యాండేజీతో, మామూలుగా నిలబడేంత ఎడం ఉంచి కలిపి కట్టండి. గరుకు నేల మీద వదిలితే మూడు నాలుగు రోజుల్లో నిలదొక్కుకుంటుంది. ఆలస్యమయ్యేకొద్దీ ఎముక అలాగే ముదిరిపోతుంది. వేళ్లు లోపలికి ముడుచుకుని మడమల మీద నడుస్తుంటే బి2 విటమిన్ లోటు కావచ్చు, వెంటనే ఇస్తే సరవుతుంది. కొంచెం పెద్ద పిల్ల ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ చాపి పడిపోతే మారెక్స్ అనుమానించాలి. అది వైరస్, దానికి మందు లేదు, పుట్టిన రోజే వేసే టీకా ఒక్కటే రక్షణ.

మెడ వంకర తిరిగితే రెండు దారులున్నాయి. ఒక్క పిల్లకే వచ్చి, మిగతావి హుషారుగా ఉంటే విటమిన్ ఇ, బి1 లోపమో, తలకు తగిలిన దెబ్బో కావచ్చు. ఆకుపచ్చ పారుడు, ఎగశ్వాస, రెక్కలు వాలడం, ఒకదాని వెనక ఒకటి పడిపోవడం కనబడితే అది కొక్కెర తెగులు (రాణిఖేత్) కావచ్చు. సున్నపు నీళ్లలాంటి పారుడుతో, వణుకుతూ, తన మలద్వారాన్ని తానే పొడుచుకుంటుంటే, వయసు మూడు నుంచి ఆరు వారాలైతే గంబోరో. ఈ రెండూ వైరస్‌లే. వీటికి యాంటీబయాటిక్ పోస్తే వైరస్ చావదు. వెచ్చదనం, నీళ్లు ఇచ్చి నిలబెట్టుకోవడం, టీకా వేళకు వేయించడం, అంతే మన చేతుల్లో ఉన్నది. కొక్కెర తెగులుకు మొదటి వారంలో కంట్లో వేసే టీకా చుక్కను చిన్న గుంపు కదా అని వదిలేయకండి.

ముక్కు తెరిచి చప్పుడు లేకుండా ఎగపోస్తుంటే పొట్టులో బూజు పట్టిందేమో వాసన చూడండి. బూజు ఊపిరితిత్తుల్లోకి పోతే తిరుగు మందు దాదాపు లేనట్టే.

ఒకటి రెండు రోజుల్లో కారణం తెలియకుండా చాలా పిల్లలు, కోళ్లు కలిసి చనిపోతే, తలలు వాచి, జుట్టు నీలంగా మారితే వాటిని చేతులతో తాకొద్దు, కోయొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. బర్డ్ ఫ్లూ కావచ్చు. వెంటనే ప్రభుత్వ పశువైద్యులకు కబురు చేయండి.

మీ చేతులు, మిగతా గుంపు

రోజూ ముందు ఆరోగ్యంగా ఉన్నవాటికి దాణా, నీళ్లు పెట్టి, జబ్బు పిల్లను చివర చూసుకోండి. దాని దగ్గరికి వేరే చెప్పులు, వేరే గిన్నెలు. సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఎందుకంటే బాగున్నట్టు కనబడే పిల్లలో కూడా సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు, అది మనుషులకు అంటుతుంది. ఐదేళ్లలోపు పసివాళ్లకు పిల్లను ముద్దు పెట్టుకోనివ్వకండి. కొత్తగా తెచ్చిన కోళ్లను నెల రోజులు విడిగా ఉంచాకే గుంపులో కలపండి.

మనుషుల నొప్పి మాత్రలు, ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్‌లు అంచనాగా విరిచి వేయడం వద్దు. 40 గ్రాముల ప్రాణికి అంచనా పనికిరాదు.

ఎంత చేసినా కొన్ని నిలవవు. రోజంతా వెచ్చబెట్టినా తల ఎత్తలేక, పక్కకు పడిపోయి కాళ్లు కొట్టుకుంటూ బాధపడుతున్న పిల్లను ఇంకా సాగదీయడం దయ కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. బాధ లేకుండా ముగించే పద్ధతి డాక్టరుకో, చేయి తిరిగిన పెంపకందారుకో తెలుసు, వాళ్ల చేత చేయించండి. చనిపోయిన పిల్లను కోసి చూపించాలనుకుంటే సంచిలో కట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. గడ్డకట్టే అరలో పెడితే లోపలి కణజాలం పాడై ఏమీ తెలియదు. లేదంటే కుక్కలు తవ్వలేనంత లోతున, బావికి దూరంగా, సున్నం చల్లి పూడ్చండి.

తిరిగి గుంపులోకి

మూడు రోజులు వరుసగా తూకం పెరగాలి, రెట్ట మామూలుగా ఉండాలి, దాణా చప్పుడుకు తనే లేచి రావాలి. అప్పటిదాకా తొందరపడను. ముందు రెండు రోజులు జాలీ అడ్డుపెట్టి గుంపు పక్కనే ఉంచుతాను, ఒకదాన్నొకటి చూసుకుంటాయి. తర్వాత చీకటి పడ్డాక, అన్నీ కునుకు తీస్తున్నప్పుడు వాటి మధ్యలోకి జారవిడుస్తాను. తెల్లారాక గొడవ తక్కువ. అయినా ఆ పొద్దున నేను వాటికంటే ముందే లేచి వెళ్తాను, రెండో దాణా గిన్నె దూరంగా పెడతాను, ఒకటి దాన్ని తరిమినా ఇంకోచోట తినడానికి ఉంటుంది.

పోయిన విడతలో ఒక బూడిద రంగు పిల్ల 19వ రోజున ముడుచుకుంది. సాయంత్రం 96 గ్రాములు, మర్నాడు 91, ఆ మర్నాడు 90. ఆంప్రోలియం నాలుగో రోజు 94. పదో రోజున జాలీ తీసేశాను. ఇప్పుడు అది పెట్ట అయింది, రోజు విడిచి రోజు గుడ్డు పెడుతోంది. దాని తూకాలు రాసిన కాగితం దాణా డబ్బా మూతకు ఇంకా అతికించే ఉంది.